చౌక ఫోను – మన్నిక లెక్క

(మన తెలుగు సమాజపు ఉగాది సభలో చేసిన ప్రసంగపు పాఠము)



ఉగాది పచ్చడి రుచి చూచి, పంచాంగశ్రవణము విని, పిల్లల పాటలకు చప్పట్లు కొట్టి, మనస్సు తేలికపడిన వేళ నన్ను ఈ వేదికపై నిలువబెట్టిన కార్యదర్శిగారికి నా కృతజ్ఞత. "ఈసారి సాహిత్యమే కానక్కరలేదు, ఇంటిల్లిపాదికి పనికివచ్చు విషయమేదైనను చెప్పుడు" అని వారు సెలవిచ్చిరి. ఇంటిల్లిపాదికి పనికివచ్చు వస్తువేదియా యని చుట్టును చూచితిని. వెదకుట కష్టము కాలేదు. నేను మాటలాడుచుండగనే ఈ సభలో సగముమంది చేతులలో అది వెలుగుచున్నది! కనుక చేతిఫోనును గూర్చి, అందును మనబోటి నెలజీతగాండ్రు కొనెడి చౌక స్మార్టుఫోను ఎన్నాళ్లు మన్నును, చెడినచో బాగుపడునా యను విషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుదును.

ముందుగా ఒక మనవి. నేను బి.ఏ. చదివినవాడను. ఫ్యూజుతీగ వేయుటతో నా విద్యుచ్ఛాస్త్రము సమాప్తము. సముద్రమునకు ఎదురుగానున్న సచివాలయములో దస్త్రములు చూచుట నా పని. అయినను దస్త్రములు చూచువానికి ఒక అలవాటు పట్టుబడును: ఏ వస్తువు కొనుటకైనను అనుమతి కోరినప్పుడు, "దీని వెల యెంత?" అని అడిగి ఊరకుండడు, "ఇది ఎన్నేండ్లు వచ్చును? మరమ్మతు ఎవరు చేయుదురు? విడిభాగములు దొరకునా?" అని అంచున వ్రాయును. ఆఫీసు కుర్చీకి అడిగెడి ఆ ప్రశ్నలను మన సొంత డబ్బుతో మన ఇంటికి తెచ్చుకొను ఫోనుకు ఏల అడుగమో యని నాకు సందేహము కలిగినది. నేటి ప్రసంగమునకు ఆ సందేహమే మూలము.

మన పెద్దలు వస్తువులను వాడిన తీరు జ్ఞాపకము చేసికొనుడు. గిన్నెకు కళాయి పూయువాడు, గొడుగుకు కమ్మి వేయువాడు, కత్తికి సాన పట్టువాడు వీధి వెంట కేక వేయుచు వచ్చెడివారు. రాజమహేంద్రవరములో స్వదేశీ దీక్షతో తయారైన రత్నం కలమును మెచ్చుచు 1935లో గాంధీజీ ఉత్తరము వ్రాసిన సంగతి మీలో చాలమంది ఎరుగుదురు. మా నాయనగారి జేబులో అట్టి కలమొకటి ఉండెడిది. పాళీ అరిగినచో పాళీ మార్చుకొనెడివారు. మూత పగిలినచో మూత మార్చుకొనెడివారు. కలము మాత్రము ఆయన ఉద్యోగ విరమణ దాక ఆయనదే. వస్తువు చెడుట దాని దోషమని ఆయన ఎన్నడును అనుకొనలేదు. చెడినదానిని విప్పి బాగుచేసికొనుటకు వీలులేనప్పుడే అది నిజముగా చెడినట్లు లెక్క.

ఇక నా స్వానుభవములు రెండు చెప్పుదును. వానిలో ఏ కంపెనీ పేరును చెప్పను. నా ఉద్దేశము ఒకరిని నిందించుట కాదు.

మొదటిది మా అమ్మగారి ఫోను. ఆమె యానాములో ఉందురు. మనకును యానామునకును పరిపాలన ఒకటేయైనను నడుమ దారి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైన. కనుక మా ఇంట ఫోనుయే వంతెన. 2016లో నేను కొన్న ఫోనును 2019లో ఆమెకు ఇచ్చితిని. ఇచ్చుటకు ముందు దాని వెనుకమూత గోటితో ఊడదీసి, 400 రూపాయలతో కొత్త బ్యాటరీ వేయించితిని. నాలుగేండ్లు అది చక్కగా పనిచేసినది. రాత్రి ఎనిమిది గంటలకు మనుమల ముఖములు చూచినగాని ఆమె భోజనమునకు లేచెడివారు కారు.

2023 నవంబరు వచ్చినది. నవంబరనగా పింఛనుదారులు తాము సజీవులమని ఋజువు చూపవలసిన నెల. 2014లో వేలిముద్రతో మొదలైన 'జీవన్ ప్రమాణ్' పద్ధతి, 2021 నవంబరు నుండి ఇంట కూర్చుండి ఫోనుకు ముఖము చూపి పత్రము పంపుకొను సౌకర్యముగా పెరిగినది. ప్రభుత్వము చేసిన మంచిపనులలో అదియొకటి. పొరుగింటి కుఱ్ఱవానిచేత ఆ యాప్‌ను అమ్మగారి ఫోనులో వేయింపబోతిని. ఈ ఫోనుకు ఇది సరిపడదని తెరమీద సమాధానము వచ్చినది. అద్దముపై గీతయైనను లేదు. మాట స్పష్టముగా వినబడుచున్నది. బ్యాటరీ సాయంత్రము దాక నిలుచుచున్నది. దానిలోని ఆండ్రాయిడ్ మాత్రము పాతబడినది. తయారుచేసినవారు కొత్తది పంపుట ఎన్నడో మానిరి. కుఱ్ఱవాడు తన ఫోనుతో చేయుదమనుకొనునంతలో కాలేజీకి వేళయై కాకినాడ బస్సెక్కి పోయెను. డెబ్బదియేండ్లు దాటిన మా అమ్మగారు మరునాడు ఆటో కట్టించుకొని బ్యాంకుకు పోయి వరుసలో నిలిచిరి. ఆ రాత్రి నాతో అన్నమాట ఇది: "ఒరేయ్ అబ్బాయ్, నేను బతికున్నానని నాకు తెలుసు, వీధిలో అందరికీ తెలుసు. ఈ పెట్టెకే తెలీదుట!"

నేను నవ్వితిని గాని, ఫోను పెట్టిన తరువాత చాలసేపు నిద్రపట్టలేదు. ఒకే ఫోనునుండి ఎందరు పింఛనుదారులకైనను ఆ పత్రము పంపవచ్చునని నాకు ఆ తరువాత తెలిసినది. ఈ సంగతి మీ పెద్దలకు ఉపయోగపడునని చెప్పుచున్నాను.

ఈ కథలోని కీలకమును కొంచెము విప్పి చెప్పుదును. ఫోనుకు దేహమొకటి, ప్రాణమొకటి కలవు. అద్దము, బ్యాటరీ, కెమెరా, బోర్డు దేహము. వానిని నడిపెడి ఆండ్రాయిడ్ మొదలగు సాఫ్టువేరు ప్రాణము. ఆండ్రాయిడ్‌ను గూగుల్ తయారుచేయును. దానిని క్వాల్‌కామ్, మీడియాటెక్ వంటి చిప్పు తయారీదారులు తమ చిప్పునకు సరిపడునట్లు చేయవలెను. అటుపిమ్మట ఫోను కంపెనీ తన నమూనాకు తగినట్లు దిద్ది, పరీక్షించి, మన ఫోనునకు పంపవలెను. ఈ మూడు చేతులలో ఏ ఒక్కటి ఆగినను నవీకరణ మనదాక రాదు. ఒక్కొక్క నమూనాకు ఈ శ్రమ వేరుగా పడవలెను. ఎనిమిది వేల ఫోనుపై మిగులు లాభము స్వల్పము. ఏటేట కొత్త నమూనాలు అనేకము. కనుక అమ్మివేసిన పాతదానిపై డబ్బు వెచ్చించుట కంపెనీకి గిట్టుబాటుగా తోచదు. చౌక ఫోను ప్రాణము ముందుగా పోవుటకు ప్రధాన కారణమిది. దేహము దుర్బలమగుట ఆ తరువాతి మాట.

నవీకరణ అనగా కొత్త అలంకారములు మాత్రమే కాదు. దొంగలు చొరబడు కంతలను పూడ్చు భద్రతా సవరణలును అందులో కలవు. నేడు మన జీతము, గ్యాసు సబ్సిడీ, పిల్లవాని ఫీజు అన్నియు ఆ పెట్టెలోనుండియే నడచుచున్నవి. కంతలు పూడ్చని ఫోనుతో యూపీఐ నడుపుట గొళ్లెము లేని తలుపు వెనుక బీరువా పెట్టుట వంటిది. పాతబడిన ఆండ్రాయిడ్‌ను యాప్‌లవారును క్రమముగా విడిచిపెట్టుదురు. ఆండ్రాయిడ్ 4.4తోనే నిలిచిపోయిన ఫోనులలో 2025 జనవరి 1 నుండి వాట్సాప్ పనిచేయుట మానినది.

అయితే చౌకదనమునకు అల్పాయువు విధివ్రాత కాదు. 2023లో గూగుల్ తన పిక్సెల్ 8 ఫోనుకు ఏడేండ్ల నవీకరణలు వాగ్దానము చేసినది. అది ఖరీదైన ఫోను, మనకు అందదు. కాని 2024లో శాంసంగ్ కంపెనీ ఇరువది వేల లోపు ధరతో మన దేశమున విడుదల చేసిన గెలాక్సీ ఏ16 5జీ ఫోనుకు ఆరేండ్లు ప్రకటించినది. అనగా చేయదలచినచో చేయవచ్చునని తేలుచున్నది. కొనువాడు అడిగిననాడు అమ్మువాడు ఇచ్చును.

ఇక దేహము సంగతి. మనము చెన్నై మీదుగా నెల్లూరు పోవునప్పుడు తడ దాటుదుము గదా! దానికి సమీపమున శ్రీసిటీ యున్నది. అచ్చటి ఫాక్స్‌కాన్ కర్మాగారములో షియోమీ కంపెనీ మన దేశమున తన తొలి ఫోనును తయారుచేయించి, 2015 ఆగస్టు 10న విశాఖపట్నములో విడుదల చేసినది. దాని పేరు రెడ్‌మీ 2 ప్రైమ్. వెల 6,999 రూపాయలు. తెలుగు గడ్డపై మన ఆడపిల్లల చేతులమీదుగా కూర్చబడిన ఫోను అని నాడు మనమందరము గర్వించితిమి. ఆ ఫోను వెనుకమూత ఊడివచ్చును. బ్యాటరీ చేతితో తీసి వేరొకటి వేసికొనవచ్చును. ఆ కాలపు చౌక ఫోనులలో అది సర్వసాధారణము. తరువాతి కొద్ది సంవత్సరములలో మూతలు మూసికొనిపోయినవి, బ్యాటరీలు జిగురుతో అంటుకొనినవి. ఫోను పలుచనగుటకును, పెద్ద బ్యాటరీ పట్టుటకును, దుమ్ము నీరు చొరకుండుటకును అట్లు చేసితిమని తయారీదారులు చెప్పుదురు. అందులో కొంత నిజము లేకపోలేదు. కాని ఆ మార్పుతో గృహిణి తనంతట తాను చేసికొనగల పని దుకాణము పాలైనది.

ఫోనులో అన్నిటికంటె ముందు ముసలిదగునది బ్యాటరీయే. లిథియం అయాన్ బ్యాటరీని 1991లో సోనీ కంపెనీ మొదట విపణిలోనికి తెచ్చినది. దానికి పునాది వేసిన గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినో అను ముగ్గురకు 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. చార్జి చేయునప్పుడు లిథియం కణములు ఒక ధ్రువమునుండి మరియొక ధ్రువమునకు పోవును. వాడునప్పుడు తిరిగి వచ్చును. ఈ రాకపోకలలో ప్రతిసారియు కొంత లిథియం చిక్కుకొనిపోయి తిరిగి పనికిరాదు. మంచి బ్యాటరీ సైతము కొన్ని వందల పర్యాయములు పూర్తిగా నిండి ఖాళీయైన తరువాత తన శక్తిలో అయిదవవంతు పోగొట్టుకొనును. దినమునకొక పర్యాయమనుకొన్నచో 800 పర్యాయములనగా రెండేండ్ల రెండు నెలలు. అనగా రెండేండ్లు దాటినంతనే "ఫోను పోయినది" అని మనము అనుకొనునది చాలసార్లు ఫోను పోవుట కాదు, బ్యాటరీ అలసిపోవుట.

దీనికి ప్రబలశత్రువు వేడిమి. మే నెలలో పుదుచ్చేరి ఎండ మీకు చెప్పనక్కరలేదు. స్కూటరు పెట్టెలో ఫోను పెట్టి మధ్యాహ్నమెల్ల ఎండలో నిలుపుట, తలగడ క్రింద చార్జికి పెట్టి నిద్రించుట, చార్జి అగుచుండగనే పిల్లలచేత ఆటలాడించుట – ఈ మూడును బ్యాటరీ ఆయుర్దాయమును తరిగించును. నూటికి నూరు నింపి వేడిలో ఉంచుట మరింత చెరుపు. ఎనుబది దగ్గర ఆపి, ఇరువదికి దిగకముందే మరల పెట్టుట మేలు. ఇందుకు ఖర్చేమియు లేదు.

నా రెండవ అనుభవము ఇక్కడిదే. 2024 నవంబరు 30 రాత్రి ఫెంగల్ తుపాను మన ఊరి సమీపమున తీరము దాటినది. ఒక్క దినములో నలువది సెంటీమీటర్లకు మించి వాన కురిసిన ఆ రాత్రిని ఇక్కడివారెవరును మరువలేరు. మా వీధిలో మోకాటిలోతు నీరు. 2021లో కొన్న నా ఫోను లుంగీ మడతలో తడిసినది. మరునాటికి తెర వెలుగుచున్నది గాని చార్జి ఎక్కుట లేదు. అంతకుముందే బీచి రోడ్డు ఉప్పుగాలికి దాని చార్జింగు రంధ్రము పచ్చబడియుండెను. కంపెనీవారి సర్వీసు సెంటరుకు తీసికొనిపోయితిని. లోపలి బోర్డు మార్చవలెను, 6,200 రూపాయలగునని చెప్పిరి. ఫోను కొన్న వెల 9,500. పాతదానిని అమ్మబోయితిని, 700 అనిరి. "కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి" అన్నది ఈ వ్యాపారమును చూచియే పుట్టిన సామెతయా యనిపించినది.

ఆశ వదలుకొని నెహ్రూ వీధి సందులోని ఒక చిన్న దుకాణమునకు పోయితిని. బల్లయొకటి, దీపమొకటి, భూతద్దపు యంత్రమొకటి – అదియే అతని ఆస్తి. అతని భాష తమిళము. నా తమిళమునకు అతడు నవ్వుకొనెను గాని పని మాత్రము శ్రద్ధగా చేసెను. వెనుకమూతను వేడిచేసి జిగురు కరగించి విప్పెను. అడుగున వేలెడంత చిన్న బోర్డును చూపెను. చార్జింగు రంధ్రము ఆ చిన్న బోర్డుపై ఉండును. పెద్ద బోర్డుకు దానికి నడుమ ఒక పట్టీ మాత్రమే. "పెద్ద బోర్డు బాగున్నది, చిన్నదే పోయినది" అని చెప్పి దానిని మార్చెను. 450 రూపాయలు. అరగంట పని. ఆ ఫోను నేటికిని నా జేబులోనే యున్నది. ఈ ప్రసంగపు ముఖ్యాంశములను వ్రాసికొన్నది అందులోనే.

సర్వీసు సెంటరువారు అబద్ధమాడిరని నేననను. వారికి పైనుండి వచ్చిన పద్ధతి అది: భాగము విప్పి వెదకుట కాదు, మొత్తము మార్చుట. సందులోని పనివానికో విడిభాగము కంపెనీ ఇయ్యదు. సరియైన పటము ఇయ్యదు. అతడు తన తెలివితో, దొరికిన సరకుతో పని జరుపుకొనవలెను. అతని వద్ద "ఒరిజినల్" అనియు "కాపీ" అనియు రెండు రకముల భాగములుండును. తెర, దానిపై అద్దము కలిసి వచ్చు భాగమును వారు కాంబో అందురు. కాపీ కాంబో వేసినచో రంగు వెలవెలబోవును, తాకుడు మందగించును. కాపీ బ్యాటరీ ఉబ్బిన ఉబ్బవచ్చును. కనుక అడిగి, చూచి, బిల్లు పుచ్చుకొని వేయించుకొనవలెను. అన్నివిధముల నేర్పుగల ఆ పనివానికి సరియైన భాగము, సరియైన పటము అందినచో మన ఫోనులు మరి మూడేండ్లు బ్రతుకునని నా దృఢవిశ్వాసము.

చౌక ఫోనునకు మరియొక బలహీనత జ్ఞాపకశక్తి. మెమరీ కణములలో వ్రాసి చెరుపుట కొన్ని వేల పర్యాయములకే సాధ్యము. ఫోను నిండిపోయినకొలది చెరుపుట, వ్రాయుట మందగించును. ఆ చిప్పు బోర్డుకు అతుకబడియుండును గావున దానిని మార్చుట సామాన్యుల పని కాదు. కనుక కొనునప్పుడు బ్యాటరీ వలె తరువాత మార్చుకొనవచ్చునని మెమరీ విషయమున అనుకొనరాదు. కెమెరా కన్నులెన్ని యని లెక్కించుటకంటె మెమరీ ఎంతయని చూచుట వివేకము. గుడ్ మార్నింగు పటములను వారమునకొకసారి తుడిచివేయుట పుణ్యకార్యము!

ఇపుడు లెక్క చూతము. 8,000 రూపాయల ఫోను రెండేండ్లు వచ్చినచో ఏటికి 4,000. 13,000 రూపాయల ఫోను కొని, నడుమ 1,500తో ఒక బ్యాటరీ మార్చి, అయిదేండ్లు వాడినచో ఏటికి 2,900. ఇంటిలో నలుగురికి నాలుగు ఫోనులైనచో భేదము ఏటికి 4,400 రూపాయలు. మన సమాజములో బహువిధ సేవకుల ఉద్యోగములలో ఉన్న సోదరులు చాలమంది కలరు. వారికి ఆ మొత్తము పిల్లవాని పుస్తకములకు సరిపోవును.

ఇచ్చట ఒక మిత్రుడు నాకు అడ్డుతగిలెను. "అయ్యా, ఒక్కసారి పదమూడు వేలు తీయగలవాడు మీ లెక్క వినును. తీయలేనివాడు ఏమి చేయవలెను?" అనెను. ఇది సరియైన ప్రశ్న. నాకు వెంటనే జవాబు తోచలేదు. దారిద్ర్యము మనుష్యునిచేత ఎక్కువ ఖర్చు పెట్టించునను మాట ఇట్టి వస్తువులయెడలనే నిజమగుచున్నది. చెప్పులు, బకెట్లు, ఫోనులు అన్నియు చౌకగా కొన్నవాడే మాటిమాటికి కొనవలసివచ్చుచున్నది. కనుకనే నేను ఈ విషయమును కొనువాని తెలివికి మాత్రమే విడిచిపెట్టరాదనుచున్నాను. చౌక ఫోనును సైతము బాగుచేసికొనునట్లు తయారుచేయవలెనని నియమముండవలెను. తెర పగిలినంతనే మూలబడు ఫోను నిజముగా మన సొత్తు కాదు. వాయిదాలపై అద్దెకు తెచ్చుకొన్న సరకు.

ఇట్టి నియమములు లోకమున లేకపోలేదు. మన ఊరి వీధిపేర్లలో నేటికిని ఫ్రెంచివారి గుర్తులున్నవి గదా! ఆ ఫ్రాన్సు దేశము 2021 జనవరి 1 నుండి స్మార్టుఫోనులపై "మరమ్మతు మార్కులు" వేయించినది. విప్పుట సులభమా, భాగములు దొరకునా, వాని వెల యెంత మొదలగు అంశములు చూచి పదింటికి ఇన్ని మార్కులని దుకాణములో వెలచీటి ప్రక్కనే చూపవలసియుండెను. పిమ్మట 2025 జూన్ 20 నుండి ఐరోపా సంఘమంతటను నియమములు వచ్చినవి. 800 పర్యాయములు నిండి ఖాళీయైన పిదపను బ్యాటరీకి నూటికి ఎనుబది పాళ్లు శక్తి మిగులవలెను. ఆ నమూనా అమ్మకము ముగిసిన తరువాతను ఏడేండ్లు ముఖ్యమైన విడిభాగములు దొరకవలెను. అయిదేండ్లు నవీకరణలు రావలెను. మరమ్మతు సౌలభ్యమును చూపు తరగతి లేబులుపై ఉండవలెను.

మన ప్రభుత్వమును ఊరకుండలేదు. వినియోగదారుల వ్యవహారముల శాఖ 2022లో మరమ్మతు హక్కును గూర్చి ఒక సంఘమును నియమించి, ఆ సంవత్సరము డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినమున, "రైట్ టు రిపేర్" పోర్టలును ప్రారంభించినది. సేద్యపు యంత్రములు, ఫోనులు, గృహోపకరణములు, వాహనములు – ఈ నాలుగు రంగముల కంపెనీల మరమ్మతు వివరములను ఒకచోట చేర్చుట దాని ఉద్దేశము. 2024లో నియమింపబడిన మరియొక సంఘము ఫోనులకు "మరమ్మతు సూచిక" ఎట్లుండవలెనో 2025 మే నెలలో నివేదిక సమర్పించినది. విప్పుట ఎంత సులభము, మరమ్మతు సమాచారము దొరకునా, విడిభాగములు సకాలమున వచ్చునా, పనిముట్లు సామాన్యమైనవేనా, నవీకరణ ఎన్నాళ్లు – ఇట్టి కొలతలు అందు కలవు. ఇవి చూచినప్పుడు నాకు మా ఆఫీసు దస్త్రపు అంచున వ్రాసెడి ప్రశ్నలే జ్ఞాపకము వచ్చినవి!

ఈ కొలతలు చట్టములలోనే ఉండనక్కరలేదు. మన నోట ఉండవచ్చును. ఇకమీదట ఫోను కొనబోవునప్పుడు దుకాణదారుని అయిదు ప్రశ్నలడుగుడు. ఒకటి: ఈ ఫోనుకు భద్రతా నవీకరణ ఏ సంవత్సరము దాక వచ్చును? రెండు: కంపెనీవారి వద్ద బ్యాటరీ మార్పునకు ఎంత, తెరకు ఎంత? మూడు: సర్వీసు సెంటరు ఈ ఊరిలోనే యున్నదా, చెన్నై పంపవలెనా? నాలుగు: మెమరీ ఎంత? అయిదు: ఈ నమూనా విడుదలయై ఎన్నాళ్లయినది? రెండేండ్లనాటి నమూనా తగ్గింపు ధరకు వచ్చినను, దాని నవీకరణలో రెండేండ్లు అప్పుడే ఖర్చయిపోయియుండును. పదిమందియు అడిగినచో జవాబు తెలియని దుకాణదారుడు కంపెనీని అడుగును. అన్యాయమని తోచినచో జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును.

పాత ఫోను కొనువారు దాని ఐఎంఈఐ సంఖ్యను సంచార్ సాథీ పోర్టలులో సరిచూచుకొనవలెను. అది దొంగసొత్తు అయినచో తెలిసిపోవును. మరమ్మతునకు ఇచ్చువారు సిమ్ము తీసికొని, బ్యాంకు యాప్‌లు తొలగించి, ఫోటోలు వేరొకచోట భద్రపరచి ఇయ్యవలెను. ఉబ్బిన బ్యాటరీని గ్రుచ్చరాదు, నొక్కరాదు, చెత్తకుండీలో వేయరాదు, అది అంటుకొనును. 2023 ఏప్రిలు 1 నుండి అమలైన ఈ-వ్యర్థముల నియమముల ప్రకారము పాత ఫోనులను శాస్త్రీయముగా కరగించు బాధ్యత తయారీదారులది.

మన సమాజమునకు ఒక చిన్న ప్రార్థనతో ముగింతును. ఏటేట అక్టోబరు నెలలో ఒక ఆదివారము మనము ఇదే హాలులో కూడుదము. కాలేజీ పిల్లలు పెద్దల ఫోనులు చూచి, నవీకరణలు వేసి, నిండిన మెమరీ ఖాళీచేసి, బ్యాటరీ స్థితి చెప్పుదురు. నవంబరులో జీవన ప్రమాణపత్రము కావలసినవారికి తమ ఫోనులతో అప్పటికప్పుడు పంపిపెట్టుదురు. నమ్మకమైన మరమ్మతు పనివారిని ఇద్దరిని పిలిచి, వారి కూలి వారికి ఇచ్చి, చిన్న పనులు అక్కడనే చేయింతము. దీనికి కావలసిన బల్లలు మన వద్దనే యున్నవి. కాఫీ ఖర్చు నాది.

మా అమ్మగారికి నిరుడు కొత్త ఫోను పంపితిని. ఈసారి కొనుటకు ముందు ఆ అయిదు ప్రశ్నలును అడిగితిని. పాతదానిని ఆమె పారవేయనీయలేదు. దేవుని గూటి ప్రక్కన పెట్టుకొని సుప్రభాతము వినుచున్నారు. "మాట్లాడలేకపోయినా పాడుతోందిరా, ఉండనీ" అనిరి.